డ్రైవరు వైపు దెబ్బ

మాకు సోమవారం వస్తోందంటే ఆదివారం నుంచే గుండెల్లో రాయి పడుతుంది. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారిని చూసి కూడా నేను ఇంత భయపడలేదు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మేస్త్రి డ్రాయింగులు పంపుతుంది. మనం చేసే కారు ముక్క పేరు ఆ జాబితాలో ఉంటే ఆ వారం కొలిమి వెలుగుతుంది. లేకపోతే లేదు.

మేస్త్రి అంటే మనిషి కాదు. ఉదయిని మోటార్స్ అనే కంపెనీ పెట్టుకున్న సాఫ్ట్‌వేరు. వాళ్ళు అమ్మే జట్కా అనే విద్యుత్ కారును గీసేది అదే, దిద్దేది అదే, ఏ ముక్క ఏ ఊళ్ళో ఎవరు చెయ్యాలో పంచిపెట్టేదీ అదే. ముందు నలుగురు కూర్చుని వెనక అరటన్ను సరుకు వేసుకునే ఆ బండికి ఒంటినిండా చెవులే. ఎక్కడ గుంతలో పడింది, ఎక్కడ కిర్రుమంది, ఏ నట్టు వదులైంది, అన్నీ రోడ్డు మీంచే మేస్త్రికి చేరతాయి. వారమంతా విని, సోమవారం నాటికి కారును ఇంకాస్త మారుస్తుంది. అందుకని జట్కాలో కొత్త మోడలు అంటూ ఉండదు. ఏ వారం కొన్న కారు ఆ వారానికి కొత్తదే.

నా పేరు నాంచారమ్మ. విజయవాడ ఆటోనగర్లో మా నాన్న పెట్టిన కమాను కట్టల షెడ్డును ముప్ఫై ఏళ్ళుగా నేనే నడుపుతున్నాను. కమాను కట్టంటే బండి వెనక ఇరుసు మీద బరువు మోసే వంపు తిరిగిన ఉక్కు పట్టీలు. మొదట్లో లారీలకు చేసేవాళ్ళం, మేస్త్రి వచ్చాక జట్కాలకు చేశాం. ఆడదానివి, ఇనుముతో నీకేం పని అన్నవాళ్ళకు ఒకప్పుడు జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు, నా నోటి సంగతి ఆటోనగరంతా తెలుసు.

మా ఎదురు షెడ్డు సాంబయ్యది. జట్కా తలుపులు తిరగడానికి వేసే బందులు చేసేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న, అక్కా అని పిలుస్తాడు. మూడేళ్ళ కిందట ఒక సోమవారం అతని ముక్క జాబితాలో లేదు. తలుపునూ బందునూ కలిపి ఒకే ముక్కగా పోత పోస్తే బరువు తగ్గుతుందని మేస్త్రి కనిపెట్టింది. అంతే, బందు అనే వస్తువే ఆ కారులో లేకుండా పోయింది. సాంబయ్య ఆ పూటంతా తెర ముందు కూర్చుని వేలితో నొక్కుతూనే ఉన్నాడు, మళ్ళీ వస్తుందేమోనని. నేను కాఫీ పంపించాను. పాపం అనిపించింది. పోయింది మా ముక్క కాదు గదా అనీ అనిపించింది. ఆ రెండో మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక మస్తానన్నయ్య గురించి చెప్పాలి. మస్తాన్‌వలీ మా నాన్న దగ్గర పని నేర్చుకున్నాడు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు, ఆ లోటు నాకెప్పుడూ తెలియనివ్వలేదు. ఉక్కు పట్టీ ఎర్రగా కాగి బయటికి వచ్చాక దాని రంగు చూసి, రెండు చోట్ల సుత్తితో తట్టి, ఆ చప్పుడు విని వంపు తీసేవాడు. పక్క షెడ్లవాళ్ళు మొదట్లో కంపెనీ సాఫ్ట్‌వేరు పేరు విని, మస్తాను ఉండగా ఇంకో మేస్త్రి ఎందుకని ఎగతాళి చేశారు.

ఆయనకో అలవాటుంది. ఆయనకే కాదు, ఆటోనగర్లో కట్టలు చేసే అందరికీ ఉంది. రెండు కట్టలూ సమానంగా తయారయ్యాక, కుడివైపు కట్ట మీద ఇంకొక్క దెబ్బ వేస్తారు. దాన్ని డ్రైవరు వైపు దెబ్బ అంటాం. దాంతో ఆ కట్టకు వేలి మందం వంపు ఎక్కువొస్తుంది. ఆ దెబ్బ పడకుండా కట్ట గుమ్మం దాటితే పని సగమే అయినట్టు. మేస్త్రి డ్రాయింగులో మాత్రం కుడీ ఎడమా సమానం.

మొదటి నెలలో నేను ఆయనతో గొడవపడ్డాను. డ్రాయింగుకు వెంట్రుకవాసి తేడా లేదని ప్రతి వారం సంతకం పెట్టేది నేను. ఆయన సుత్తి కింద పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"డ్రైవరు కూర్చునేది కుడిపక్క గదా చెల్లెమ్మా. పొద్దస్తమానం ఆ మనిషి బరువు ఆ కట్టే మొయ్యాలి. ఆ మాత్రం వంపు ఇవ్వకపోతే ఎట్టా?"

మేస్త్రికి ఆ మాత్రం తెలియదా అన్నాను. తెలిస్తే గీసేదిగా అన్నాడు. నిజం చెప్పొద్దూ, మా నాన్న కూడా ఆ దెబ్బ వేసేవాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఒక పద్ధతి కుదిరింది. కట్టను కొలిచే యంత్రం మా షెడ్డులో ఒకటుంది, కొలతను అదే మేస్త్రికి పంపుతుంది. ముందు కొలత పోనిస్తాం. తరవాత మస్తానన్నయ్య దెబ్బ వేస్తాడు. ఆ తరవాత నేను సంతకం పెడతాను. మూడేళ్ళు ఇలాగే గడిచింది. మా కట్టల మీద ఒక్క ఫిర్యాదు రాలేదు.

అలాంటిది పోయిన ఏడాది వేసవి మొదట్లో తబిత మా షెడ్డుకు వచ్చింది. ఉదయిని ప్రయోగశాలలో ఇంజనీరు, గుంటూరు పిల్ల, ముప్ఫై దాటి ఉండవు. మేస్త్రి పనిని కనిపెట్టుకుని ఉండే ఆరుగురిలో ఆమె ఒకతె. సోమవారం దాకా ఆగకుండా శుక్రవారమే మొహం మీద చెబుదామని వచ్చానంది. తమిళనాడులో మనుషుల్లేని ఫ్యాక్టరీ ఒకటి మొదలైందట. అదే డ్రాయింగు, అదే ఉక్కు, ఒక్క కట్టకూ ఇంకో కట్టకూ తేడా ఉండదట. పని అటు మార్చమని మేస్త్రి లెక్కగట్టింది, తాను సరేనన్నానంది. ఇంత మర్యాదగా మెడ కోసినవాళ్ళను నేను చూడలేదన్నాను. ఆ పిల్ల తల దించుకుని, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

పందొమ్మిదిమంది పనివాళ్ళలో పదమూడుమందిని పంపేశాను. ఒక్కొక్కరికీ నేనే చెప్పాను. పాత లారీ కట్టలు బాగుచేసే పని మిగిలిన ఆరుగురికే బొటాబొటిగా ఉండేది. మస్తానన్నయ్య మాత్రం రోజూ ఒకటే మాట అడిగేవాడు. అక్కడ దెబ్బ ఎవరేస్తారు చెల్లెమ్మా అని. ఎవరూ వెయ్యరు, అక్కడ మనుషులే లేరు అని కసురుకునేదాన్ని.

అది జరిగిన నెలకు సాంబయ్య కొత్త జట్కా ఒకటి తీసుకున్నాడు. తన ముక్కను తీసేసిన కారునే బాడుగకు తోలుకోవడం అతనికి ఎలా ఉండేదో నాకు తెలియదు. ఒకరోజు పొద్దున్నే బండి తెచ్చి మా షెడ్డు ముందు ఆపాడు.

"అక్కా, బండి కుడిపక్కకి వాలుతుంది. కొద్దిగా బరువేస్తే చాలు, చక్రం పైన రేకుని రాసుకుంటుంది. కంపెనీవాళ్ళు తెర చూసి అంతా బాగుందంటున్నారు. మీరొకసారి చూడండి."

మస్తానన్నయ్య కిందికి దూరాడు. జానతో ఒక పక్కా, ఇంకో పక్కా కొలిచాడు. బయటికి వచ్చి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా పక్కన నిలబడి, దెబ్బ లేదు అన్నాడు నాకు మాత్రం వినిపించేలా.

ఆ క్షణాన నాకు కలిగింది సంతోషం. దాచడం దేనికి? మా ఉసురు తగిలిందిలే, అనుభవించండి అనుకున్నాను. ఆ వెంటనే భయం పట్టుకుంది. దెబ్బ సంగతి చెబితే మూడేళ్ళ సంతకాలూ అబద్ధమని చెప్పినట్టే. ఉదయిని ఒక్కటే కాదు, ఒకసారి దొంగ కొలత పంపినవాళ్ళని పేరుపడితే ఏ కంపెనీ డ్రాయింగూ మా గుమ్మం తొక్కదు. లారీలవాళ్ళూ రావడం మానేస్తే మిగిలిన ఆరుగురూ రోడ్డున పడతారు. మస్తానన్నయ్యకు కళ్ళతోనే వద్దని చెప్పాను. సాంబయ్యతో మాత్రం, ఇది మా కట్ట కాదు, మేం ముట్టుకుంటే గ్యారంటీ పోతుంది, కంపెనీకే పో అన్నాను. గ్యారంటీ మాట నిజమే. చెప్పాల్సింది మాత్రం అది కాదు.

ఎనిమిది రోజులకు రామవరప్పాడు రింగు దగ్గర ఎడమకు తిరుగుతుంటే ఆ బండి కుడి వెనక టైరు రేకుకు ఒరుసుకుని పగిలిపోయింది. బండి పోయి డివైడరును కొట్టుకుంది. వెనక నూజివీడు మామిడికాయల బుట్టలు, పక్కన ఆ కాయల ఆవిడ. ఆమె చిన్న గాయాలతో బయటపడింది. సాంబయ్యకు భుజం ఎముక విరిగింది.

దానికంటే పెద్ద దెబ్బ తరవాత తగిలింది. వెనక కట్ట ఎంత కిందికి దిగిందో చూసి బండిలో ఎంత బరువుందో మేస్త్రి లెక్కగడుతుంది. కుడి కట్ట మరీ దిగింది కాబట్టి సాంబయ్య పరిమితికి మించి బరువేశాడని తేల్చింది. నిబంధన తప్పిన డ్రైవరని అతని పేరు మీద గుర్తు పెట్టింది. ఇక ఊళ్ళో ఉన్న ఏ జట్కా ఎక్కి కూర్చున్నా అతని చేతికి అది కదలదు. అటు పనీ పోయింది, ఇటు బతుకుతెరువూ పోయింది, పైగా తప్పుడు మనిషన్న పేరు. అతను వేసింది నలభై బుట్టలు. పరిమితికి ఇంకా ఇరవై తక్కువే.

ఆ సంగతి విన్న రోజు మా ఇంట్లో అన్నం వండానే గానీ నోట్లోకి పోలేదు. మా ఆయన బడిపంతులుగా చేసి రిటైరైనవాడు, దేనికీ తొందరపడడు. విషయమంతా విని, నువ్వు చెప్పకపోతే ఏమవుతుందో చెప్పు అన్నాడు. సాంబయ్య మునిగిపోతాడన్నాను. చెబితే? మనం మునుగుతామన్నాను. ఇంకా రోడ్డు మీద ఎన్ని బండ్లున్నాయి అట్లాంటివి అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టలేదు. రెండు నెలల్లో అమ్మిన బండ్లు వేలల్లో ఉంటాయి.

పొద్దున్నే షెడ్డుకు వెళ్ళేసరికి మస్తానన్నయ్య ఉతికిన చొక్కా వేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పాత సుత్తిని గుడ్డలో చుట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ప్రయోగశాలకు పోతున్నానన్నాడు. తప్పు తనదేనట. దెబ్బ నీదేగానీ సంతకం నాది, నేనూ వస్తానన్నాను.

ప్రయోగశాల గన్నవరం అవతల ఉంది. లోపలికి వెళితే ఎత్తయిన హాలు, నలభై జట్కాలు గాల్లోకి లేపి ఉన్నాయి. ఒక్కొక్క ముక్కా విప్పి కొలుస్తున్నారు. వాటి మధ్య తబిత, మొహం పీక్కుపోయి ఉంది. సాంబయ్యదొక్కటే కాదట, అలా వాలిన బండ్లు ముప్ఫైకి పైగా తేలాయట. ఏ ముక్క చూసినా డ్రాయింగుతో సరిపోతోంది. అన్ని ముక్కలూ సరిగ్గా ఉన్న కారు సరిగ్గా లేదు. డ్రైవర్లే బరువు ఎక్కువ వేస్తున్నారని రాసి పారేయమని పైవాళ్ళు అంటున్నారు. తనకు మనసొప్పడం లేదని చెప్పి, మీరెందుకు వచ్చారన్నట్టు చూసింది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. కొలత ముందు పంపడం, దెబ్బ తరవాత వేయడం, సంతకం ఆ పైన పెట్టడం, సాంబయ్య బండి తెచ్చిన రోజున నోరు మూసుకోవడం, ఏదీ వదల్లేదు. ఆ పిల్ల మొహం మొదట తెల్లబోయింది, తరవాత ఎర్రబడింది.

"మూడేళ్ళు అబద్ధం పంపారా ఆంటీ? నేను మీ సంతకాన్ని నమ్మి ఆ ఫ్యాక్టరీకి పని మార్చాను."

 మస్తానన్నయ్య కలగజేసుకుని, మా కట్టలున్న పాత బండి ఒకటి తెప్పించమ్మా అన్నాడు. తెప్పించింది. కొలిచింది. కుడి కట్ట ఎడమ దానికంటే వేలి మందం ఎత్తుగా ఉంది. డ్రాయింగు ప్రకారం అది పనికిరాని కట్ట. కానీ ఆ బండి నేల మీద బల్లపరుపుగా నిలబడి ఉంది.

తబిత తెర దగ్గరికి పోయి మేస్త్రిని ఏదో అడిగింది. గోడంత తెర మీద జట్కా పొట్ట కనబడింది. మూడేళ్ళ సోమవారాలను ఒక్క నిమిషంలో నడిపించింది. నేను ఇంజనీరును కాను, నాకు కూడా అర్థమైంది. కారు మధ్యలో ఉండాల్సిన బ్యాటరీ పెట్టె, వారం వారం రవ్వంత రవ్వంత కుడివైపుకు జరుగుతూ వచ్చింది. మా దెబ్బ వల్ల కారు కుడిపక్క కాస్త ఎత్తుగా ఉంటోందని బండ్లన్నీ మేస్త్రికి చెప్పాయి. ఎందుకో దానికి తెలియదు. కొలతలు సమానమని మేమే పంపాం గదా. అందుకని బరువును కుడిపక్కకు జరిపి కారును సమం చేసుకుంది. ఇప్పుడు ఆ దెబ్బ లేని కట్ట వచ్చేసరికి, కుడిపక్క డ్రైవరూ, కుడిపక్కే బ్యాటరీ, మొయ్యడానికి ఎత్తు లేదు.

 తబిత తనలో తను అనుకున్నట్టుగా, పెట్టె ఎందుకు జరుపుతున్నావని మేం ఒక్కసారీ అడగలేదు, కారు బాగుంది గదా అని ఊరుకున్నాం అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం ఎంత నామీదో అంత తన మీద కూడానని అప్పుడు తెలిసింది. ఆ నీళ్ళు చూశాక ఆ పిల్ల మీద నాకున్న కసి పోయింది.

ఆ సాయంత్రానికే మేస్త్రి ఆ రెండు నెలల బండ్లన్నిటినీ నెమ్మదిగా తప్ప నడవకుండా చేసింది, వారంలో వెనక్కి పిలిచారు. సాంబయ్య పేరు మీద గుర్తు తీసేసి, బండి బాగుచేసి ఇచ్చారు. మాకు పడాల్సింది మాకు పడింది. ఏడాదిపాటు ఏ కంపెనీకీ ముక్కలు పంపకూడదని, సంతకం చేసే హక్కు నాకు ఉండదని కాగితం వచ్చింది. ఊహించిందే. 

సాంబయ్యను చూడడానికి కానూరులో అతనింటికి వెళ్ళాను. భుజానికి కట్టుతో మంచం మీద కూర్చున్నాడు. గుర్తు తీయించినందుకు మంచి మాటంటాడని ఎక్కడో ఆశ ఉంది నాకు.

"నేను బండి తెచ్చిన రోజున నీకు తెలుసా అక్కా?" అని అడిగాడు.

తెలుసన్నాను. మస్తానుకూ తెలుసా అంటే, ఆయన చెప్పబోతే నేనే వద్దన్నానన్నాను. అతను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"నా షెడ్డు మూతబడ్డ రోజున నువ్వు కాఫీ పంపించావు. ఈ ఊళ్ళో నాకో మనిషి ఉందనుకున్నా. ఇంక మా ఇంటికి రామాకు."

మెట్లు దిగి వచ్చేశాను. అతనన్నదాంట్లో తప్పేముంది? ఆ మాట మాత్రం ఒళ్ళంతా కోసేసింది. రోడ్డు మీద ఏడిస్తే జనం చూస్తారని షెడ్డుకు వచ్చి కొలిమి వెనక కూర్చుని ఏడ్చాను.

పది రోజుల తరవాత తబిత మళ్ళీ మా షెడ్డుకు వచ్చింది. ఈసారి కాఫీ అడిగి మరీ తాగింది. మీది ఒక్క దెబ్బే ఇంత చేస్తే, ఈ కారులో ఇంకా ఎన్ని దెబ్బలున్నాయి ఆంటీ అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆ పిల్లకు ఆటోనగర్ తెలియదు. వైరింగు అల్లే అమ్మాయి మూల మలుపు దగ్గర రెండంగుళాలు ఎక్కువ వదులుతుంది, మన రోడ్ల కుదుపుకు తెగకుండా. సీట్లు కుట్టే నాగూరు అంచున ఇంకో వరస కుడతాడు, దాని మీద జనం ఎక్కి తొక్కుతారని. ఎవరూ చెప్పరు, డ్రాయింగుకు వెంట్రుకవాసి తేడా లేదని అందరూ సంతకం పెడతారు. పైగా చెబితే ఏమవుతుందో మా సంగతి చూశారు గదా.

ఆ పిల్ల మొండిది. పైవాళ్ళతో పోట్లాడి ఒక మాట రాయించుకొచ్చింది. ఈ నెలలోపు ఎవరేం చెప్పినా శిక్ష ఉండదని. మా షెడ్డులోనే బల్ల వేసుకుని కూర్చుంది. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. వీధంతా దూరం నుంచి చూసి పోతోంది. నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను. నా మాట వినేవాళ్ళు ఎందరు?

మూడో రోజు మధ్యాహ్నం సాంబయ్య వచ్చాడు. కట్టు ఇంకా విప్పలేదు. నావైపు చూడలేదు. తబిత ముందు కుర్చీలో కూర్చుని, మే నెల వస్తే జట్కా తలుపులు బిగుసుకుపోతున్నాయా లేదా అని అడిగాడు. ఆ పిల్ల నోరు తెరిచింది. రెండేళ్ళుగా వేసవి వేసవికీ అదే ఫిర్యాదట, కారణం ఎవరికీ తెలియదట. ఎండకు తలుపు ఉబ్బుతుందని తాను పైబందు మరను అరచుట్టు వదులుగా బిగించేవాడినని సాంబయ్య చెప్పాడు. బందే లేకుండా చేశాక ఆ వదులు ఎక్కడి నుంచి వస్తుంది? అన్నీ నష్టపోయిన మనిషే వచ్చి చెప్పేసరికి మిగతావాళ్ళ భయం వదిలింది. సాయంత్రానికి మా షెడ్డు ముందు వరస కట్టారు. నెల తిరిగేసరికి తబిత రాసుకున్నవి నాలుగు వందల పద్దెనిమిది.

వాటన్నిటినీ మేస్త్రికి నేర్పడానికి వాళ్ళకు ఏడాది పట్టింది. కొన్ని ఉత్త అలవాట్లని తేలాయి, కొన్ని కారునే మార్చాయి. సాంబయ్యకు బందు తిరిగి రాలేదు, అది పోయింది పోయిందే. కానీ తలుపు అంచున సాగే ఒక చిన్న రబ్బరు ముక్క కొత్తగా పుట్టింది. దాన్ని చెయ్యమని అతని షెడ్డుకే ఇచ్చారు. నలుగురితో మొదలుపెట్టాడు. ఎదురెదురుగా ఉన్నా నాతో మాట లేదు.

మా ఏడాది శిక్ష తీరింది. మొన్న సోమవారం తొమ్మిదింటికి తెర మీద మా పేరు కనబడింది. పని మొత్తం కాదు, మూడో వంతు. మిగతాది ఆ ఫ్యాక్టరీదే. పంపేసినవాళ్ళలో అయిదుగురిని వెనక్కి పిలిచాను. డ్రాయింగులో కుడి కట్ట వేరే, ఎడమ కట్ట వేరే గీసి ఉన్నాయి. డ్రైవరు వైపు వేలి మందం ఎత్తు, సరిగ్గా మస్తానన్నయ్య చేతి లెక్క. సంతకం కింద మునుపు లేని గడి ఒకటి వచ్చింది. నేను గీయనిది మీరేమైనా చేస్తున్నారా అని మేస్త్రి అడుగుతోంది.

మస్తానన్నయ్య మొదటి జత చేశాడు. కొలత సరిపోయింది. నేను సంతకం పెట్టబోతుంటే మళ్ళీ సుత్తి ఎత్తాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి పట్టుకుని ఆపి, ఇంకా ఎందుకు అన్నయ్యా, నీ దెబ్బ అది నేర్చుకుంది గదా అన్నాను.

"ఊళ్ళో తిరిగే బండికి అది చాలు చెల్లెమ్మా. కొండపల్లి ఘాటు రోడ్డెక్కే బండికి కట్టలో మొదటి పట్టీ మీద ఇంకో దెబ్బ కావాలి. ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వస్తుంది."

మూడేళ్ళ కిందటైతే చూడనట్టు మొహం తిప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ గడిలో, ఆయన చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాసి పంపాను. పనివాళ్ళంతా పనాపి నా చుట్టూ చేరారు. జాబితాలోంచి పేరు మాయమవుతుందేమోనని నేను తెరనే చూస్తున్నాను. జవాబు వెంటనే వచ్చింది. బాగుందో లేదో నాకు తెలియదు, ఒక జతకు వేసి చూడండి, ఆ కట్టలతో బండి నడిపి చెప్పడానికి ఇష్టపడే డ్రైవరు పేరు రాయండి అని ఉంది.

ఎవరి పేరు రాయను? రుజువు కాని కట్ట అది. ఒకసారి తెలిసి కూడా నోరు మూసుకున్నదాన్ని, ఎవరిని ఎక్కి కూర్చోమని అడగను? మా వాళ్ళలో బండి ఉన్నవాళ్ళు లేరు.  మస్తానన్నయ్య సుత్తి దించి నాకేసి చూస్తున్నాడు.

గుమ్మం దగ్గర అలికిడైంది. ఎదురు షెడ్డులోంచి ఎప్పుడు వచ్చాడో, సాంబయ్య నిలబడి అంతా వింటున్నాడు. లోపలికి వచ్చి, మస్తానన్నయ్య చేసిన కట్టను వంగి చూసి, వేలితో తడిమాడు.

"ఈసారి ఏదైనా తేడా ఉంటే ముందు నాకే చెబుతావా?" అన్నాడు.

చెబుతానన్నాను. 

"అయితే నా పేరు రాయక్కా."

రాశాను. మస్తానన్నయ్య సుత్తి ఎత్తి, అందరూ చూస్తుండగా ఆ దెబ్బ వేశాడు.